వార్చిన నీళ్ళు

మైకు బావని మాస్టర్ ఈ జన్మలో క్షమించడు. మైకు అన్నది వ్యాను స్టాండులో వాళ్ళు పెట్టిన పేరు. రెండు వ్యాన్ల ఓనరు, పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినా నాలుగు వీధులకి వినపడాల్సిందే. మాస్టర్ పెళ్ళానికి స్వయానా అన్న. అలాంటి మనిషి డయాలిసిస్ వార్డు బయట వరండాలో, బెంచీల నిండా రోగులూ వాళ్ళ మనుషులూ కూర్చుని ఉండగా, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అనేశాడు.

"కిడ్నీలు పోతే పోయాయి, దాని రాత! మా చెల్లిని చంపుతున్నది మాత్రం ఈయనగారి వంటే!"

వరండాలో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఎవరో ముసలాయన సీసా మూతతో కొలుచుకుని నోటి దగ్గర పెట్టుకున్న నీళ్ళు అలాగే ఆపేసి చూశాడు. మాస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. చెంప మీద కొట్టినా పడేవాడు. దొంగ అన్నా, తాగుబోతు అన్నా దులిపేసుకునేవాడు. వంటని అన్నాడు!

మాస్టర్ అంటే బడి మాస్టర్ కాదు. బడి ఐదో తరగతితోనే సరి. ఇంట్లో తిండికి కటకటగా ఉంటే నూలు మిల్లు క్యాంటీన్‌లో అంట్లు తోమడానికి చేరి, ఉల్లిపాయలు తరిగి, పొయ్యి దగ్గర చేతులు కాల్చుకుని, చివరికి వంట మాస్టర్ అయ్యాడు. మూడు షిఫ్టులకీ కలిపి నాలుగు వందల మందికి వండుతాడు. ఉప్పు ఎక్కువైందన్నవాడు లేడు, కడుపు నొప్పని సెలవు పెట్టినవాడు లేడు.

క్యాంటీన్ గోడకి మిల్లు డాక్టరు ఎప్పుడో తగిలించిన పటం ఒకటి ఉంది. పాలు, పెరుగు, ముళ్ళతో నమిలే చిన్న చేపల బొమ్మల కింద కాల్షియం అని ఉంటుంది. ఆకుకూరలు, కాలేయం, ఎండు ద్రాక్ష దగ్గర ఇనుము. గింజలూ పప్పులూ అయితే మెగ్నీషియం, జింకు. సముద్రపు చేపకి అయొడిన్. అరటిపండు, బంగాళాదుంప, టమాటా, కొబ్బరినీళ్ళకి పొటాషియం. బడిలో మర్చిపోయిన అక్షరాలు మాస్టర్ మళ్ళీ కూడబలుక్కున్నది ఆ పటం మీదే. వేడికి చెమటలు కక్కి పిక్కలు పట్టేశాయని ఎవడైనా కుంటుతూ వస్తే, "అరటిపండు తినరా, పొటాషియం పోయింది నీకు," అనేవాడు. అవతలివాడు "సరే డాక్టరుగారూ," అని నవ్వితే, ఆ మాట మర్నాటి దాకా నోట్లో బెల్లం ముక్కలా ఉండేది.

ఇంకో సంగతి కూడా ఉంది. మాస్టర్ వంటింట్లో కూరగాయలు ఉడికించిన నీళ్ళు పారబోయడమంటే నేరం. అవి పప్పులోకి పోవాలి, కాకపోతే సూపులోకి. సాయానికి వచ్చినవాడెవడైనా తెలీక గిన్నె తూములోకి వంచాడో, ఆ పూట వాడికి భోజనం ముందు తిట్లే. "ముక్కలో ఏముందిరా పిప్పి తప్ప! సారమంతా నీళ్ళలోకి దిగుతుంది. నువ్వు పారబోసింది నీళ్ళు కాదు, నెత్తురు!" అనేవాడు. తల్లికి టైఫాయిడ్ వచ్చి తగ్గాక ముద్ద దిగని రోజుల్లో, ఆ నీళ్ళే మిరియం వేసి కాచి, గ్లాసు గ్లాసు పట్టించి లేపి కూర్చోబెట్టాడు. "నా కొడుకు సారం పోసి నన్ను బతికించాడు," అని ఆవిడ కనిపించిన ప్రతి గడపలోనూ చెప్పుకుంది.

అలాంటివాడి భార్యకి కాళ్ళు ఉబ్బాయి. తర్వాత ముఖం ఉబ్బింది. ఆ తర్వాత కిడ్నీలు రెండూ పనికిరావని తేలింది. వారానికి రెండుసార్లు మిషన్ మీద పడుకోబెట్టి రక్తం కడగాలన్నారు. మొదటి రోజే డైటీషియన్ అమ్మాయి మాస్టర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. చూస్తే పెళ్ళికాని పిల్లలా ఉంది, మాట మాత్రం కచ్చితం.

"పొటాషియం మీకూ నాకూ మంచిదే అంకుల్. ఆంటీకి విషం. ఎక్కువైంది కిడ్నీ బయటికి పంపాలి, ఈవిడ కిడ్నీ పంపట్లేదు. రక్తంలో పేరుకుపోతే గుండె ఆగిపోతుంది. రిపోర్టులో ఐదు దాటకూడదు. ఆరు దాటితే ప్రమాదం."

"ఏడైతే?"

ఆ పిల్ల డైటు కాగితం అతని ముందుకి జరిపింది. "కూరగాయలు సన్నగా తరగండి. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి, ఆ నీళ్ళు పారబోయండి. మళ్ళీ బోలెడు నీళ్ళు పోసి ఉడకబెట్టండి, అవీ పారబోయండి. అప్పుడు కూర చెయ్యండి."

"పారబోయాలా?"

"పారబోయాలి."

"మొత్తమా?"

"చుక్క మిగలకుండా."

"అమ్మా, సారమంతా వాటిల్లోనే కదా ఉండేది..."

"ఆ సారమే ఈవిడకి వద్దంటున్నాను అంకుల్."

ఆ పటంలో మంచివని రాసినవన్నీ ఒక్కోటీ చెడ్డవైపోయాయి. అరటిపండు, కొబ్బరినీళ్ళు, దుంప, టమాటా, పాలకూర వద్దు. పాలు, గింజలు అయితే భాస్వరం ఎక్కువట, అవీ వద్దు. నీళ్ళు కూడా రోజు మొత్తానికి ఒక చిన్న సీసా. ఇన్నేళ్ళూ గొప్పగా అప్పజెప్పిన పాఠమంతా తలకిందులైంది.

అయినా చెప్పింది చెప్పినట్టు చేశాడు. మొదటి షిఫ్టుకి వెళ్ళేలోపు లేచి, మిల్లు వెనక తండ్రి ఇచ్చిన కూరల తోటలోంచి తెచ్చిన బీన్సూ క్యారెట్టూ క్యాబేజీ అగ్గిపుల్లల్లా తరిగి, నానబెట్టి, ఉడికించి, వార్చేవాడు. మొదటిసారి గిన్నె వంచినప్పుడు సొంత చెయ్యి కోసుకున్నంత పనైంది. తూములోకి పొయ్యడానికి ప్రాణం ఒప్పక పెరటి గుమ్మం పక్కన బకెట్‌లోకి వంచి, "మొక్కలకి పొయ్యమ్మా," అని తల్లికి చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. చదువులేని ఆవిడకి పొటాషియం గురించి ఏం చెప్తాంలే అనుకున్నాడు. అసలు సంగతి అది కూడా కాదు. ఇన్నాళ్ళూ నెత్తురన్న నీళ్ళని విషమని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "డాక్టర్లు ముక్కలే పెట్టమన్నారు," అనేసి ఊరుకున్నాడు.

మొదటి రిపోర్టు ఐదున్నర. పర్లేదు, ఇప్పుడే మొదలుపెట్టాం కదా అనుకున్నారు. తర్వాతది ఆరు. ఆ తర్వాతది ఆరు దాటి ఇంకా పైకి పోయింది. డైటీషియన్ అమ్మాయి కాగితం చూసి కళ్ళజోడు తీసింది.

"నిజం చెప్పండి అంకుల్. ఏం పెడుతున్నారు?"

"మీరు చెప్పిందే."

"నీళ్ళు వారుస్తున్నారా?"

"రెండుసార్లు వారుస్తున్నాను తల్లీ. ఇంకేం మిగల్లేదు, పీచే."

"మరి ఇది ఎలా వస్తుంది? ఎక్కడో ఏదో లోపలికి పోతోంది."

బయటికి వచ్చేసరికి మైకు బావ గుమ్మంలోనే ఉన్నాడు. విన్నాడు. వరండాలో వంట గురించి ఆ మాట అన్నది అప్పుడే.

ఆ సాయంత్రమే భార్య మంచం కింద నారింజ తొక్కలు దొరికాయి. మాస్టర్ వాటిని అరచేతిలో పెట్టుకుని తిన్నగా వ్యాను స్టాండుకి పోయాడు.

"ఇదేంటి బావా?"

"పండు తొక్క. కనపట్లేదా?"

"దానికి నారింజ పెట్టకూడదని వెయ్యిసార్లు చెప్పాను. చాటుగా తినిపించి, నలుగురిలో నా వంటని అంటావా?"

"రెండు తొనలు బావా! నాలిక పిడచగట్టుకుపోతోంది అన్నయ్యా అని అది ఏడిస్తే రెండంటే రెండు తొనలు! నువ్వు పెట్టే గడ్డి తినలేక ఎండిపోతోంది!"

"నా గడప తొక్కావంటే మర్యాద దక్కదు."

"నీ గడపకి ఎవడొస్తాడయ్యా? శవం లేచే ఇల్లు!"

ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. డ్రైవర్లు విడదీశారు. ఇంటికొచ్చాక భార్య గోడవైపు తిరిగి పడుకుంది. "మా అన్నని అలా అంటారా? నన్ను మిషన్ దగ్గరికి మోసుకెళ్ళేది ఎవరు?" అంది. "బస్సుంది," అన్నాడు మాస్టర్. నారింజ పోయింది కాబట్టి ఇక నంబరు దిగుతుందని గట్టి నమ్మకం. ఎందుకైనా మంచిదని ముక్కలు ఇంకా సన్నగా తరిగాడు, ఇంకా ఎక్కువసేపు ఉడికించాడు. కూర గిన్నెలో మిగిలింది తడి గుడ్డపీలికల్లాంటి పదార్థం. భార్య రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టేసేది.

"మీ చేతి వంటేనా ఇది?" అందొకసారి. కోపంతో కాదు, ఎవరో పోయినవాళ్ళని తలుచుకున్నట్టు.

తర్వాతి రిపోర్టులో నంబరు దిగలేదు, పెరిగింది. ఏడుకి వెంట్రుకవాసి కింద ఆగింది. పెద్ద డాక్టరు కాగితం మీద ఎర్ర గీత గీసి, "ఇంకోసారి ఇలా వస్తే ఇంటికి పంపను. అసలు అప్పటిదాకా ఉంటుందని కూడా చెప్పలేను," అన్నాడు. మాస్టర్ ఆస్పత్రి కొళాయి కింద తల పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. మంచినీళ్ళ వల్లనా? బియ్యంలోనా? తను వాడే గిన్నెలోనా? తన చేతుల్లోనే ఉందా ఆ విషం? బావ అన్నది నిజమే అయితే? బస్సులో పెళ్ళాం తల భుజం మీద వాలిస్తే, నిద్రపోతోందో పోయిందో తెలీక మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు.

రెండు రోజులకి మిల్లులో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మిషన్లు ఆగాయి, షిఫ్టు వదిలేశారు, వండాల్సిన పని లేకపోయింది. ఉద్యోగంలో చేరాక మాస్టర్ పనిరోజు మధ్యాహ్నం పూట ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి కావచ్చు. వీధి తలుపు తోస్తే మిరియాల వాసన గుప్పుమంది.

పెరటి వసారాలో కిరసనాయిలు స్టవ్ మీద గిన్నె మరుగుతోంది. తల్లి పీట మీద కూర్చుని గరిటెతో తిప్పుతోంది. పక్కన పొద్దున్న తను వార్చిన బకెట్ ఖాళీగా బోర్లించి ఉంది. గిన్నెలో నీళ్ళు చిక్కబడి, తేనె రంగుకి తిరిగి, అడుగున గ్లాసుడు మిగిలాయి.

"ఏంటమ్మా అది?"

"వచ్చావా? ఇంత పెందలాడే వచ్చావేంట్రా?" ఆవిడ ముఖం విప్పారింది. "కోడలుపిల్లకి. బకెట్ నీళ్ళన్నీ గ్లాసయ్యేదాకా మరగబెడతాను. ఎక్కువ తాగకూడదన్నారు కదా, అందుకని సారమంతా గ్లాసులోకే తెస్తాను."

"ఎన్నాళ్ళ నుంచీ?"

"మొదట్నుంచీనే. నువ్వు మొక్కలకి పొయ్యమన్నావు గానీ, మొక్కలేం చేసుకుంటాయిరా ఇంత బలం? ముక్కలో పిప్పి తప్ప ఏముందని చెప్పింది నువ్వు కాదూ? పిల్ల నీ పీచు తినలేకపోతోంది. ఈ గ్లాసు మటుకు గుక్క తిప్పుకోకుండా తాగుతుంది. రుచిగా ఉంది అత్తయ్యా, ఆయనకి చెప్పకండి, నీళ్ళ లెక్కలో తిడతారు అంటుంది." ఆవిడ బోసి నోటితో నవ్వింది. "నన్ను నువ్వు లేపి కూర్చోబెట్టలా? దీన్ని నేను లేపి కూర్చోబెడతాను చూడు."

అతను ఎంత సన్నగా తరిగితే అంత సారం నీళ్ళలోకి దిగింది. ఎంత ఎక్కువ ఉడికిస్తే అంత చిక్కబడింది. ఎంత శ్రద్ధగా కాపాడబోయాడో, ఆ గ్లాసు అంత గట్టిపడింది. మాస్టర్ వంగి స్టవ్ ఆర్పేశాడు. అంతలో లోపలి గదిలోంచి భార్య గొంతు వినపడింది.

"ఏవండీ... కాళ్ళు లేవట్లేదు."

మంచం అంచున ఒరిగిపోయి ఉంది. చెయ్యెత్తబోతే సగంలోనే జారిపోయింది. నాడి పట్టుకుంటే ఒకసారి కొట్టుకుని, ఆగి, మర్చిపోయినదాన్ని గుర్తుచేసుకున్నట్టు మళ్ళీ కొట్టుకుంది. అంబులెన్సుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. బస్సు మాట తలుచుకుంటే నవ్వొచ్చేలా ఉంది. మాస్టర్ ఫోను చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"బావా."

"ఏంటి? తిట్లేమైనా మిగిలాయా?"

"చెల్లి పోతోంది బావా. బండి తీసుకురా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

మైకు బావ ఒక్క మాట మాట్లాడలేదు. అతని నోరు మూతపడటం మాస్టర్ వినడం అదే మొదలు. ఫోను పెట్టినట్టే లేదు, వీధిలో హారన్ మోగింది.

వ్యాను వెనక సరుకు తాళ్ళ మధ్య పరుపు వేశారు. భార్య తల మాస్టర్ ఒళ్ళో ఉంది. తల్లి కొంగు సర్దుకుంటూ ఎక్కి కూర్చుంది. బండి మలుపు తిరిగాక ఆవిడ ఒళ్ళోంచి స్టీలు ఫ్లాస్కు బయటికి తీసి మూత విప్పింది. మిరియాల ఆవిరి వచ్చింది.

"ఈ పూట గ్లాసు పడలేదురా దీనికి, అందుకే ఇలా ఒరిగిపోయింది. నోరు తెరువు తల్లీ, రెండు చెంచాలు..."

మాస్టర్ ఫ్లాస్కు లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. అది రోడ్డు మీద టంగుమని ఎగిరి కాలవలో పడింది. ముసలావిడ చెయ్యి చెంచాతో అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఏంట్రా! పిచ్చెక్కిందా?"

మైకు బావ అద్దంలోంచి చూశాడు. "ఏంటది? ఏం విసిరేశావు? ఏం పట్టిస్తున్నారు దానికి?"

భార్యకి స్పృహ ఉంది. కళ్ళు మాస్టర్ మీదే ఉన్నాయి. ఆ కళ్ళు చెప్పొద్దంటున్నాయో, చెప్పేయమంటున్నాయో అతనికి అర్థం కాలేదు. తల్లి చెంచా దించి ముందుకి వంగింది. ఏదో చెప్పబోతోంది. గొప్పగా చెప్పబోతోంది, ఆవిడకి తెలుసు కదా ఆ నీళ్ళు ఎంత మంచివో. చెప్పిందంటే మైకు బావ ఆ మాటని ఆస్పత్రి మెట్ల మీద, స్టాండులో, వీధి వీధిలో మోగిస్తాడు. కోడల్ని రోజుకో గ్లాసు పోసి చంపబోయిందంటాడు. అది విన్న పూటే ఈవిడ ప్రాణం పోతుంది.

"కూరగాయలు వార్చిన నీళ్ళు బావా," అన్నాడు మాస్టర్. "నేనే కాచి పెడుతున్నాను. పారబొయ్యడానికి మనసొప్పలేదు."

బండి ఒక్క కుదుపుతో పక్కకి పోయి మళ్ళీ దారిలో పడింది.

"చెప్పానా! నేను చెప్పానా లేదా! డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, నీ వంట పొగరు..." మైకు మళ్ళీ మైకయ్యాడు. ఆస్పత్రి గేటు దాకా ఆగలేదు. మాస్టర్ పెళ్ళాం నాడి వదల్లేదు. ముసలావిడ కొడుకు ముఖంలోకి తెల్లబోయి చూస్తూ కూర్చుంది.

ఛాతీకి తీగలు అంటించి కాగితం తీశారు. డాక్టరు ఆ గీతలు చూసి పరిగెత్తాడు. చేతి నరంలోకి కాల్షియం ఇంజెక్షన్ ఎక్కించారు, గుండె ఆగిపోకుండా కాసేపు పట్టి ఉంచుతుందట. ఇక వెంటనే మిషన్ మీద పెట్టాలి. మిషన్లన్నీ నిండి ఉన్నాయి, ఎవర్నీ మధ్యలో దించే వీల్లేదు. ఎదురుగా ఉన్న ప్రైవేటు ఆస్పత్రిలో ఒకటి ఖాళీ ఉంది. కాని అక్కడ ముందు డబ్బు కడితేనే లోపలికి రానిస్తారు.

మాస్టర్ జేబులో బస్సు చార్జీలున్నాయి. బావ వైపు తిరిగాడు.

"నా దగ్గరేముందయ్యా, రెండు వ్యాన్లూ ఫైనాన్సులోనే ఉన్నాయి," అన్నాడు మైకు బావ. "కిస్తీలకి దాచింది ఉంది. అది కడితే బండ్లు గుంజుకుపోతారు. ఊరికే కట్టలేను. మిల్లు వెనక మీ నాన్న ఇచ్చిన కూరల తోట ఉంది కదా."

"దాన్నా?"

"నా పేరు మీద రాయి. నీ చేతిలో ఉంటే రేపు ఇంకేం పండించి పెడతావో! చెల్లిని కూడా మా ఇంటికి తీసుకుపోతాను. ఇక నీ వంటింటి గాలి తగలనివ్వను."

"అది నా పెళ్ళాం బావా."

"బతికితే కదా పెళ్ళాం."

స్ట్రెచర్ మీద భార్య గోళ్ళు నీలంగా ఉన్నాయి. గుండె కొట్టుకోవడం చూపే మిషన్ చప్పుడు చేస్తోంది, ఆగుతోంది, చేస్తోంది. నిజం నాలిక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట చాలు, నేను కాదు అని. ఆ పక్క బెంచీ మీద తల్లి ఒళ్ళో ఖాళీ చేతులు పెట్టుకుని, "నోట్లో రెండు చెంచాలు పడి ఉంటే..." అని ఎవరికో చెప్తోంది.

"రాసిస్తాను," అన్నాడు మాస్టర్. "కట్టు. త్వరగా కట్టు."

భార్య బతికింది. సాయంత్రానికి నంబరు ఐదు కిందికి దిగింది. కళ్ళు తెరిచి చిన్న మూతతో నీళ్ళు తాగింది. మాస్టర్ పక్కకి వెళ్ళి కూర్చుంటే, "మీరెందుకు నెత్తినేసుకున్నారు?" అంది.

"ఊరుకో."

"నేనే తాగాను కదండీ. రుచిగా ఉందని తాగాను. అన్నయ్యకి చెప్తాను."

"చెప్తే అమ్మ బతకదు. ఊరుకో."

ఆవిడ అతని చూపుడు వేలు పట్టుకుంది. అన్న వ్యాను ఎక్కించేదాకా వదల్లేదు.

ఇంట్లో ఇప్పుడు ఇద్దరే. "డాక్టర్లు ఆ నీళ్ళు ఆపమన్నారమ్మా," అని తల్లికి చెప్పాడు. "వాళ్ళకేం తెలుసురా," అంది ఆవిడ. అతను కాదనలేదు. బావ ఇంట్లో కూరలు ఎవరో వారుస్తారు, నంబరు నిలకడగా ఉందని ఎవరో ఒకరు కబురు చెప్తారు. గడప తొక్కనివ్వరు. మిల్లులో సంగతి పాకిపోయింది. పిక్కలు పట్టేసినా మాస్టర్‌ని ఎవరూ ఏమీ అడగరు. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు కూడా గరిటె వైపు ఒకటికి రెండుసార్లు చూస్తున్నారు.

ఎవడైనా జాలిపడి, ఆ గొడవలో ఎంత పోయింది మాస్టర్ అని అడిగితే, పెళ్ళాం మాట ఎత్తడు. పొయ్యి మంట తగ్గించి, చేతులు గుడ్డకి తుడుచుకుని, తోట రాసిచ్చిన రోజు రిజిస్ట్రారు చదివి వినిపించింది చదివినట్టే చెప్తాడు: తూర్పున మిల్లు గోడ, పడమర కాలవ గట్టు, బోరుబావితో సహా నలభై మూడు సెంట్లు.